మున్వర్ హోటల్లో పూల కప్పు

కొత్తగూడెం నుంచి మణుగూరు పోయే దారిలో, నల్లవాగు దాటగానే వచ్చే అడ్డరోడ్డు దగ్గర ఒకప్పుడు మున్వర్ హోటల్ ఉండేది. హోటల్ అంటే తాటాకు పందిరి, రెండు బెంచీలు, ఒక మట్టి పొయ్యి. అంతే. కానీ ఆ పొయ్యి మీద కాగిన చాయ్ తాగి ఒక లారీ డ్రైవర్ బొగ్గు లోడుతో విజయవాడ పోయి, దింపి, తిరిగి వచ్చేదాకా కన్ను మూయలేదు. ఇంటికి పోయాక కూడా మూతపడకపోతే అతని భార్య బస్సెక్కి వచ్చి మున్వర్‌తో పోట్లాడింది. నేను అక్కడే ఉన్నాను. చూడనిది చెప్పే అలవాటు నాకు లేదు.

నేనెవరంటే, ఆ అడ్డరోడ్డుకు పక్కనే ఉన్న తండా తుల్సీరాంను. తొమ్మిదో తరగతిలో చదువు ఆపేశాను. నిజానికి నేను ఆపలేదు. లెక్కల సారు నా ప్రశ్నలకు తట్టుకోలేక బదిలీ చేయించుకున్నాడు. ఆయన పోయాక ఆ బడిలో నాకు సరిజోడు లేక నేనూ బయటికి వచ్చేశాను. అప్పటి నుంచి మున్వర్ హోటల్లో కుడివైపు బెంచీ చివరి మూల నాది. కలెక్టర్ వచ్చినా ఆ మూల ఖాళీ చేయలేదు. కలెక్టర్ రాలేదనుకోండి, అది వేరే సంగతి.

ఇప్పుడు నేను ఖమ్మంలో ఖానాపురం హవేలి దగ్గర కిరాయి ఇంట్లో ఉంటున్నాను. మా వీధి చివర హోటల్లో గాజు అద్దాలున్నాయి, ఫ్యాన్లున్నాయి. చాయ్ కూడా బాగానే ఉంటుంది. కానీ తాగినంతసేపూ ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనరు. చాయ్ తాగడానికి అదేం చోటో నాకు అర్థం కాదు.

మున్వర్ చాచాది ముదిగొండ. ఇంటింటికీ తిరిగి ఇత్తడి గిన్నెలకు కళాయి పూసే కుటుంబం. స్టీలు గిన్నెలొచ్చి ఆ పని కాస్తా పోతే, భార్య ఫజిలత్‌నూ ఒక పెద్ద ఇత్తడి గిన్నెనూ వెంటబెట్టుకుని, బొగ్గు గనులు తెరుస్తున్నారంటే ఈ దిక్కు వచ్చాడు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఆయన నోటి కోసమే లారీలు ఆగేవి. ఏ డ్రైవర్‌కు ఎక్కడ చురక పెట్టాలో ఆయనకు తెలుసు. తిట్టించుకున్నవాడు నవ్వుకుంటూ ఇంకో చాయ్ చెప్పేవాడు. ఒకసారి బెల్లం వాసనకు ఎలుగుబంటి పందిరి కిందికి వస్తే, దాని నడక మీద, ఒంటి మీద, వాళ్ల అమ్మ పెంపకం మీద ఆయన అన్న మాటలకు అది తల వంచుకుని వెనక్కి పోయింది. మళ్లీ నల్లవాగు దాటలేదు. నేను బెంచీ మీదే ఉన్నాను, కాకపోతే కాళ్లు పైన పెట్టుకున్నాను.

ఆ నోటికి సమానంగా నిలబడ్డవాడు ఒక్కడే, ముత్యాలు. అడ్డరోడ్డు దిగువన మాదిగవాడ మనిషి. అడవి నుంచి కట్టె తెచ్చి, హోటల్ ముందే చీల్చి పేర్చేవాడు. మున్వర్ వయసే. తెల్లారి పొయ్యి రాజేసింది మొదలు ఇద్దరికీ మాటల పోటీయే.

"నీ గొడ్డలికున్న పదును నీ బుర్రకుంటే నువ్వు తాసీల్దారువు అయ్యేటోడివి ముత్యాలూ" అనేవాడు మున్వర్.

"నీ చాయ్‌ల పాలుంటే నువ్వు హోటలోడివి అయ్యేటోడివి సాయిబూ" అనేవాడు ముత్యాలు, గొడ్డలి దించకుండానే.

మేం బెంచీ మీద కూర్చుని ఎవరు గెలుస్తారా అని చూసేవాళ్లం. ఏ రోజుకారోజు తేలేది కాదు. ముత్యాలు పని ముగించి, పందిరి గుంజకు కట్టిన తీగె మీంచి తన గ్లాసు తీసుకుని, కట్టెల మోపు దగ్గర నిలబడి చాయ్ తాగి వెళ్లేవాడు.

ఆ గ్లాసు సంగతి చెప్పాలి. మా అందరి గ్లాసులూ పళ్లెంలో బోర్లించి ఉండేవి. ముత్యాలుదీ, వాళ్ల వాడ నుంచి వచ్చే మరో ఇద్దరిదీ ఆ తీగెకు వేలాడేవి. ఆ రోడ్డు మీద అన్ని హోటళ్లలోనూ అంతే. మిగతాచోట్ల వాళ్ల గ్లాసు వాళ్లే కడుక్కోవాలి. మున్వర్ దగ్గర మాత్రం ఆయనే కడిగేవాడు. దాని గురించి ఎవరూ మాట్లాడేవారు కాదు. వానాకాలంలో చూరు కారినట్టు, అదీ ఒకటి ఉండేదే అనుకునేవాళ్లం.

ఎనభై మూడులోనో నాలుగులోనో మా తండా రూప్‌సింగ్ ఖమ్మంలో డిగ్రీ చదివి తిరిగొచ్చాడు. భుజాన సంచీ, మొహాన గడ్డం. సంఘం పెట్టాడు. గని కార్మికులకు ఆదివారం సెలవు కాబట్టి ఆ రోజు సాయంత్రం మున్వర్ పందిరి కిందే చర్చ పెట్టేవాడు. కూలి రేట్లు, తునికాకు కట్టలు, పోడు భూములు, అటవీ గార్డుల దౌర్జన్యం, అన్నీ మాట్లాడుకునేవాళ్లు. మున్వర్‌కు ఆ ఆదివారాలంటే సంబరం. చాయ్ అమ్ముడుపోతుందని మాత్రమే కాదు, ఆయనకు కూడా మాట్లాడాలని ఉండేది.

ఒక ఆదివారం మాట కులం మీదికి వచ్చింది. హోటళ్లలో, గుళ్లలో, బావుల దగ్గర జరిగేవాటి గురించి రూప్‌సింగ్ చెబుతున్నాడు. మున్వర్ ఆగలేకపోయాడు. గరిటె చేతిలో పట్టుకునే ముందుకొచ్చి, తన హోటల్లో అలాంటి తేడాలేమీ లేవని గట్టిగా చెప్పాడు. సాక్ష్యం కూడా చూపించాడు.

"ముత్యాలు గ్లాసు నేను నా చేతుల్తోని కడుగుత. కావాలంటే అడుగుండ్రి."

నిజంగా గర్వంగానే అన్నాడు. రూప్‌సింగ్ కోపంగా కాదు, మెల్లగానే అడిగాడు, "కడిగినంక ఆ గ్లాసు తీగెకు ఎందుకు తగిలిస్తున్నవ్ భాయ్?"

మున్వర్ తీగె వైపు చూశాడు. నాకైతే ఆయన దాన్ని అప్పుడే మొదటిసారి చూసినట్టు అనిపించింది. ముత్యాలు కట్టెల మోపు దగ్గరే ఉన్నాడు. గొడ్డలి కర్ర మీద బొటనవేలు రుద్దుకుంటూ నేల చూస్తున్నాడు. చర్చ మళ్లీ సాగింది కానీ మున్వర్ పొయ్యి వెనక్కి పోయి కూర్చున్నవాడు సభ ముగిసేదాకా లేవలేదు.

మర్నాడు తీగె లేదు. బాగుంది అనుకున్నాం. కానీ తీగెతోపాటు ఆయన నోరు కూడా పోయింది.

ఏం మాట్లాడితే ఏం తప్పవుతుందోనని భయం పట్టుకుంది ఆయనకు. మంచిదనుకుని అన్న మాటే అంతమంది ముందు పరువు తీసింది కదా, ఇంక ఏ మాటను నమ్మాలి? డ్రైవర్లను ఏమీ అనడం మానేశాడు. కుంటుకుంటూ నడిచే క్లీనర్‌ను ఏళ్ల తరబడి ఎగతాళి చేసినవాడు, ఇప్పుడు అతను కనబడగానే మొహం తిప్పుకునేవాడు. అతనేమో తనమీద కోపం వచ్చిందనుకుని పక్క హోటల్‌కు పోవడం మొదలుపెట్టాడు. ఒకరోజు నన్ను "తుల్సీరాం గారు" అన్నాడు. నా వెనక ఎవరున్నారా అని తిరిగి చూశాను. ఆ పేరుతో ఇంకో పెద్దమనిషి ఉన్నాడేమోనని కాసేపు వెతికాను కూడా.

ఆదివారం చర్చల్లో ఎవరైనా అభిప్రాయం అడిగితే, "మీరు పెద్దోళ్లు, మీరే చెప్పాలె" అని చాయ్ పోసుకుంటూ పోయేవాడు.

అన్నిటికంటే పెద్ద మార్పు ముత్యాలు విషయంలో. మున్వర్ ఒక శనివారం ఖమ్మం పోయి పింగాణీ కప్పూ సాసరూ కొనుక్కొచ్చాడు. అంచుకు బంగారు గీత, పక్కన గులాబీ పూలు. ముత్యాలు రాగానే బెంచీ నడిమధ్యన తుండుగుడ్డతో తుడిచి కూర్చోబెట్టాడు. ఆ పూల కప్పులో చాయ్ పోసి, రెండు చేతులతో అందించి, తాగేదాకా పక్కనే నిలబడ్డాడు.

"చక్కెర సరిపోయిందా అండి, ముత్యాలు గారు?"

అటూ ఇటూ మేం గాజు గ్లాసుల్లో తాగుతున్నాం. నడుమ ముత్యాలు ఒక్కడే ఆ కప్పు పట్టుకుని, దవాఖానాలో మందు తాగినట్టు తాగాడు. గొడ్డలి మీద మాట లేదు, పాల మీద మాట లేదు. రెండో రోజూ అంతే. మూడో రోజు కప్పు కింద పెట్టి, కట్టె చీల్చి, ఏమీ అనకుండా పోయాడు. ఆ తర్వాత రావడం మానేశాడు. కట్టె మాత్రం ఆయన బావమరిది బండి మీద తెచ్చి దించి పోయేవాడు. అడిగితే, ముత్యాలుకు ఒంట్లో నలతగా ఉందనేవాడు. అదే ముత్యాలు నల్లవాగు ఒడ్డున తాడి మాను నరుకుతుంటే ఆ చప్పుడు మాకు హోటల్లోకి వినబడేది.

మున్వర్‌కు నిద్ర పట్టేది కాదట. ఆ మూడు రోజుల్లో తాను అన్న మాటలన్నీ మళ్లీ మళ్లీ తలుచుకునేవాడు. అన్నవి పట్టుమని పది మాటలు కూడా లేవు, అయినా వాటిల్లో ఏది తగిలిందో తేలలేదు. 'చక్కెర' అన్నందుకా? పేదవాడికి చక్కెర గుర్తుచేశానా? లేక బెంచీ తుడిచినందుకా? ఆయన మురికి అనుకున్నానని అనుకున్నాడా? పెద్ద పెద్ద విషయాల మీద తీర్పులు చెప్పే నాలాంటి వాడికే ఆ ప్రశ్నలు వింటుంటే తల తిరిగింది.

చివరికి నన్ను ముత్యాలులాగా కట్టెల మోపు దగ్గర నిలబెట్టి మాట్లాడి చూసుకోవడం మొదలుపెట్టాడు. నేను నటనలో తక్కువ వాణ్ణి కాను. మా తండాలో తీజ్ పండగకు నేను వేషం కడితే ఆడపిల్లలు గుర్తుపట్టక నాతోనే నా మీద చాడీలు చెప్పారు. గొడ్డలి భుజాన వేసుకుని ముత్యాలు గొంతుతో, "ఏంది సాయిబూ, నోట్లె బెల్లంగడ్డ ఉందా?" అన్నాను. మున్వర్ చాచాకు జవాబు నోటిదాకా వచ్చింది. పెదవులు కదిలాయి. అంతలోనే మింగేసి, "బాగున్నారా అండి" అన్నాడు. గొడ్డలి కింద పడేసి నా బెంచీకి నేను వచ్చేశాను. అంతకంటే నావల్ల కాలేదు.

రూప్‌సింగ్‌ను కూడా అడిగాడు, ఏ మాటలు అనవచ్చు, ఏవి అనకూడదు అని. తునికాకు రేటు గొడవలో తిరుగుతున్న రూప్‌సింగ్ మంచిగానే జవాబు చెప్పాడు కానీ, అది మన సమాజం గురించి ఉంది. మున్వర్‌కు కావలసింది ముత్యాలు గురించి.

ఇదంతా చూసి చూసి ఒకరోజు ఫజిలత్ చాచీ ఉల్లిగడ్డలు తరుగుతూ తల ఎత్తకుండానే అంది, "రోడ్డు మీద పోయేటోళ్లందర్నీ అడుగుతున్నవ్. ఆయన ఇల్లు గీడ్నే గదా. ఆయన్నడుగు."

ఆ మాటకు మున్వర్ ఇంకా భయపడ్డాడు. కానీ లేచాడు. నన్ను తోడు రమ్మన్నాడు. ఎక్కడైనా మాట తడబడితే నేను అందుకోవాలట. ఈ జిల్లాలో అంతకంటే నమ్మకమైన నోరు దొరకదని ఆయనకు తెలుసు.

ఇప్పపూలు రాలే కాలం. మాదిగవాడలో ప్రతి ఇంటి ముందూ చాపల మీద పూలు ఆరబోసి ఉన్నాయి, ఆ తీపి వాసన ఎండకు ముదిరి ముక్కుకు పట్టేసింది. పదేళ్లుగా దారి పక్కనే ఉంటున్న మున్వర్ ఆ వాడలోకి రావడం అదే మొదలు. ఏ ఇల్లో ఆయనకు తెలియదు. అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. అడుగుతున్నప్పుడు ఆయన మొహం చూశాను, సిగ్గుతో కందిపోయింది.

ముత్యాలు గుమ్మంలో కూర్చుని గొడ్డలికి కొత్త కర్ర బిగిస్తున్నాడు. మమ్మల్ని చూసి ఒక క్షణం ఆగాడు. ఆ తర్వాత గబుక్కున లేచి నడుముకున్న తుండు తీసి చేతుల మీద వేసుకున్నాడు.

"సాయిబుగారు, తమరు దయచెయ్యాలె. మా గుడిసె పావనమైంది" అని వంగాడు. భార్య సైదమ్మను పిలిచి మంచం వాల్పించాడు, దాని మీద పెట్టెలోని కొత్త దుప్పటి పరిపించాడు. మున్వర్ వద్దంటున్నా వినకుండా కూర్చోబెట్టి, తాను నేల మీద కూర్చున్నాడు. సైదమ్మ ఇత్తడి చెంబులో నీళ్లు తెస్తే దాన్ని రెండు చేతులతో అందించి, "నీళ్లు చల్లగ ఉన్నయా అండి? తమరు తాగుతరో లేదో" అన్నాడు.

సైదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నన్ను కూడా కూర్చోమన్నారు కానీ, నాకు మంచమూ లేదు, మర్యాదా లేదు. చాప మీది ఇప్పపూలు పక్కకు జరిపి కూర్చోమన్నారు. నేను హాయిగా కూర్చున్నాను. మంచం మీది మున్వర్ చాచాకు మాత్రం చెమటలు పడుతున్నాయి. దుప్పటి నలుగుతుందేమోనని కదలడం లేదు. చెంబు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"ఏంది ముత్యాలూ గిట్ల మాట్లాడుతున్నవ్?" అన్నాడు చివరికి. "నేనేమన్న పరాయోణ్ణా?"

"ఈ మాట నీ నోట్ల నుంచి ఎప్పుడొస్తదా అని చూస్తున్న" అన్నాడు ముత్యాలు. తుండు మళ్లీ నడుముకు కట్టుకున్నాడు. "మూడు దినాలు నేను గా బెంచి మీద గిట్లనే కూసున్న."

మున్వర్ చెంబు కింద పెట్టాడు. తర్వాత అడిగాడు, తాను ఏ మాట తప్పు అన్నాడో చెప్పమని. అన్ని రోజులు నలిగిన ప్రశ్న అంత చిన్నగా బయటికి వచ్చింది.

ముత్యాలు గొడ్డలి పక్కన పెట్టాడు. నవ్వడం లేదిప్పుడు.

"తీగె తీసినవ్. గది మంచి పని. పదేండ్ల కిందనే తియ్యాల్సింది, అది వేరే ముచ్చట, అది నేను మర్చిపోను. మళ్ల నాకు ఒక్కనికి పూల కప్పు ఎందుకు? తీగె మీద గ్లాసైనా, పూల కప్పైనా, వేరే అంటే వేరేనే గదా. చేతికి ఏ గ్లాసొస్తే గది ఇయ్యి."

మున్వర్ తల ఊపాడు.

"ఇగ మాటంటవా. నా బుర్ర మొద్దని అను, నా గొడ్డలి నాకంటె తెలివైందని అను. పడత, తిరిగి అంట. గని ఒక్కటున్నది. లారీలోళ్లకు నన్ను చూపిచ్చి, 'మా ముత్యాలు మంచోడు, వాళ్లల్ల గిసొంటోడు దొరకడు' అంటవు సూడు, గది అనకు."

"అది మంచి మాటనే గదా" అన్నాడు మున్వర్, అనగానే గతుక్కుమన్నాడు.

"నీకు మంచిది. వాళ్లల్ల అంటే ఎవళ్లు? మా నాయనా? గీ సైదమ్మా?"

ఎండలో ఇప్పపూల మీద ఈగలు ముసురుతున్నాయి. తోడు వచ్చిన నేను అందుకోవాల్సింది అక్కడే. నాకూ ఏమీ తోచలేదు. ఈ సంగతి ఎక్కడా చెప్పుకోలేదు కాబట్టి మీరూ చెప్పకండి. మున్వర్ మంచం దిగి, దుప్పటి మడతపెట్టి, నేల మీద కూర్చుని ఆ చెంబులో నీళ్లు తాగాడు. ఇంక అననన్నాడు. సైదమ్మ ఇంత బెల్లం నలగ్గొట్టి డికాషన్ కాచింది. అది తాగి మున్వర్ చాచా, తన హోటల్‌కు పోటీ రావద్దని ఆమెను బతిమాలాడు. ఎన్ని రోజులకో ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి చురక అది.

మర్నాడు ముత్యాలు కట్టె చీల్చి వచ్చి, బెంచీ మీద నా పక్కన కూర్చున్నాడు. పళ్లెంలోంచి ఒక గ్లాసు తిప్పి, కడిగి, మున్వర్ చాయ్ పోసి ఇచ్చాడు. ఇస్తూనే రోడ్డు వైపు చూశాడు. ఎందుకో మాకందరికీ తెలుసు. అప్పుడే బుల్లెట్ మోటారు సైకిల్ చప్పుడు వినబడింది. పక్క ఊరి పటేలు. రోజూ పొద్దున ఆ వేళకు వచ్చేవాడు. ఆయన వెనక ఆయన పొలాల్లో పనిచేసేవాళ్లు, వాళ్ల వెనక వాళ్ల చుట్టాలు, హోటల్‌కు సగం బేరం అదే.

పటేలు వచ్చి ఎదుటి బెంచీ మీద కూర్చున్నాడు. ముత్యాలును చూశాడు. ఆయన చేతిలో గ్లాసును చూశాడు. పళ్లెం వైపు చూశాడు.

"సాయిబూ, నాకు ఏ గ్లాసుల పోస్తవ్?"

మున్వర్ మా ఎవరి వైపూ చూడలేదు. ఏం అనాలో ఎవరినీ అడగలేదు. పళ్లెం ఎత్తి పటేలు ముందుకు తెచ్చాడు.

"అన్ని ఒక్క బకెట్ల కడుగుత పటేలా. కడిగినంక ఏది ఎవరిదో నాకైతే తెల్వదు. మీకు తెలుస్తదేమో. చూసుకొని మీరే ఏరుకోండ్రి."

పటేలు నిజంగానే పళ్లెంలోకి వంగి చూశాడు. ఒక గ్లాసు ఎత్తి వెలుగుకు పెట్టి చూశాడు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఎవరో కిసుక్కుమన్నారు. నేనైతే కాదు, నేను అప్పటికే బెంచీ కింద ఏదో పడిపోయినట్టు వెతుక్కుంటున్నాను. పటేలు గ్లాసు పళ్లెంలో పెట్టేసి, బుల్లెట్ ఎక్కి వెళ్లిపోయాడు. సగం బేరం దుమ్ము రేపుకుంటూ పోతుంటే మున్వర్ అలాగే పళ్లెం పట్టుకుని నిలబడ్డాడు.

"బకెట్‌ల నీళ్లు మార్చి ఉంటే తాగేటోడేమో సాయిబూ" అన్నాడు ముత్యాలు చాయ్ చప్పరిస్తూ.

"నువ్వు మూతి కడిగినవా అసలు? నీళ్లు ఆగమైంది నీ వల్లనే" అన్నాడు మున్వర్.

ఆ పూట చాయ్ ఎంత రుచిగా ఉందో చెబితే మీరు నమ్మరు. చెప్పను.

పటేలు మనుషులు చాలాకాలం రాలేదు. హోటల్ ఇరుకునపడింది. ఫజిలత్ చాచీ పకోడీలు మొదలుపెట్టాక గని కార్మికులు పెరిగారు, ఎలాగో నడిచింది. ముత్యాలు వాడ నుంచి ఆడవాళ్లు కూడా వచ్చి కూర్చునేవారు. అదంతా తర్వాత సంగతి.

ఆ వారం ఆదివారం చర్చకు జనం బాగా వచ్చారు. పటేలు సంగతి అప్పటికే చుట్టుపక్కల గూడేలకు పాకింది, కొంత నా వల్లే. నేను చెప్పినప్పుడు పటేలు బుల్లెట్లు మూడు ఉండేవి. రూప్‌సింగ్ లేచి, జరిగింది మున్వర్ భాయ్ నోటితోనే విందామన్నాడు. మున్వర్ పొయ్యి వెనక నుంచి లేచి రావడానికే సమయం పట్టింది. గొంతు సవరించుకున్నాడు.

"మా హోటల్ల గిప్పుడు ముత్యాలుకు గూడ అందరి లెక్కనే చాయ్ ఇస్తున్నం" అన్నాడు.

"ఇచ్చుడేంది?" అన్నాడు ముత్యాలు, బెంచీ మీద నుంచి. "పైసలు పెట్టి కొనుక్కుంటున్న."

అందరూ నవ్వారు. మున్వర్ చెవులు ఎర్రబడ్డాయి. తీగె మాట వచ్చిన ఆదివారం నాటి మొహమే మళ్లీ కనబడింది నాకు. అయిపోయింది, ఈయన పొయ్యి వెనక్కి పోతాడు అనుకున్నాను.

"అవ్, అమ్ముతున్న" అన్నాడు మున్వర్. "నీళ్లచాయ్ అమ్ముతున్న, నువ్వు కొంటున్నవ్. ఇగ కూసో, నన్ను మాట్లాడనియ్యి."

మాట్లాడాడు. సగం తప్పులే. తప్పిన చోటల్లా ముత్యాలు ఆపేవాడు, మున్వర్ విసుక్కునేవాడు, దిద్దుకునేవాడు, మళ్లీ మొదలుపెట్టేవాడు. ఒకచోట ముత్యాలు ఆపినా మున్వర్ ఒప్పుకోలేదు, ఇద్దరూ అక్కడే తగువు పడ్డారు, రూప్‌సింగ్‌కు మధ్యలో దూరే సందు దొరకలేదు. చాయ్ కోసం లారీలు ఆగి హారన్లు కొడుతున్నాయి. ఫజిలత్ చాచీ గరిటె అందుకుని పొయ్యి దగ్గర కూర్చుంది. ఆమె చాయ్ పోస్తూనే ఉంది, వాళ్లు మాట్లాడుతూనే ఉన్నారు.